లాభాపేక్ష లేని రంగం: ఆర్థిక తోడ్పాటు కొలత

సభ్యులకు లాభం పంచని సంఘాలు, ధర్మసంస్థలు, స్వచ్ఛంద సమితులు దేశ ఉత్పత్తికి ఎంత జోడిస్తున్నాయో తేల్చే ప్రయత్నం జాతీయాదాయ గణనలో ఆలస్యంగా మొదలైంది. పసుపు కొమ్ములకు అంగట్లో ధర ఉంటుంది కనుక వాటి విలువ తెలుస్తుంది. ఉచితంగా నడిచే బడికి అటువంటి ధర లేదు కాబట్టి జీతాలు, కొనుగోళ్లు, భవనాల తరుగుదల కలిపిన ఖర్చునే దాని ఉత్పత్తిగా గణకులు తీసుకున్నారు. ఉత్పాదకత అంటే పెట్టిన వనరులకూ వచ్చిన ఫలితానికీ మధ్య నిష్పత్తి కాగా, ఖర్చునే ఫలితంగా రాసుకున్నచోట ఆ నిష్పత్తికి కదలిక ఉండదు. అదే జీతాలతో రెట్టింపు పిల్లలకు చదువు చెప్పిన సంస్థ సైతం లెక్కల్లో ఉన్నచోటే ఉంటుంది.

పైగా ఈ సంస్థలు ఒకచోట కనిపించేవి కావు. రుసుము తీసుకునే ఆసుపత్రిని వ్యాపార సంస్థల పద్దులోనూ, ప్రభుత్వ అదుపులో దాని నిధులతో నడిచేదాన్ని ప్రభుత్వ పద్దులోనూ చేర్చగా, మిగిలినవే విడిగా తేలేవి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో లెస్టర్ సాలమన్ నాయకత్వాన 1990ల ఆరంభంలో మొదలైన బహుదేశ పరిశోధన ఈ లోపాన్ని ఎత్తిచూపింది. దాని ఆధారంగా ఐక్యరాజ్యసమితి 2003లో వెలువరించిన చేతిపుస్తకం, ఈ సంస్థలన్నింటినీ కలిపి చూపే అనుబంధ ఖాతాను, అంటే ప్రధాన పద్దులను చెదరగొట్టకుండా పక్కన వేసే ప్రత్యేక పట్టికను, సిఫారసు చేసింది. జీతం లేని శ్రమను, అదే పనికి బజారులో ఇవ్వవలసిన కూలితో వెలకట్టే విధానాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో వివరించింది.

భారతదేశంలో కేంద్ర గణాంక సంస్థ ఈ పనికి పూనుకొని, 1860 నాటి సంఘాల నమోదు చట్టం, దానికి సాటి రాష్ట్ర చట్టాల కింద ఉన్న పేర్లను ముందుగా కూడగట్టింది. తెలంగాణ ప్రాంతంలో 2001లో ఉమ్మడి చట్టం వచ్చేవరకు ఫస్లీ (నిజాం పాలనలోని రెవెన్యూ శకం) 1350 నాటి నిజాం చట్టమే నడిచింది. 2008 నాటికి దేశంలో దాదాపు 31.7 లక్షల సంస్థలు నమోదై ఉండగా, వాటిలో 1970 వరకు నమోదైనవి ఒకటిన్నర లక్షలకు లోపే. అత్యధిక నమోదులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే రెండో దశలో సిబ్బంది దాదాపు 22 లక్షల సంస్థల చిరునామాలకు వెళ్లగా, ఆచూకీ దొరికినవి సుమారు 7 లక్షలు మాత్రమే. దొరకనివన్నీ బోగస్ అని అనలేము గాని, నమోదు పుస్తకం పనికి సాక్ష్యం కాదని మాత్రం ఆ అంకె చెబుతుంది.

దీనికి తలకిందులైన చిక్కు నిజామాబాద్ జిల్లాలో ఉంది. ముప్కాల్ 2016లో బాల్కొండ నుంచి విడిపడి మండల కేంద్రమైంది. అది ఉన్న ఆర్మూర్-బాల్కొండ పసుపు ప్రాంతంలో పంచాయతీకి సమాంతరంగా గ్రామాభివృద్ధి కమిటీలు, జనం నోట వీడీసీలు, పనిచేస్తున్నాయి. కులసంఘాల ప్రతినిధులతో ఏర్పడే ఈ కమిటీలు సాధారణంగా ఏ చట్టం కిందా నమోదు కావు. కల్లు, బెల్టు (లైసెన్సు లేని మద్యం) దుకాణాల వంటివాటి హక్కులను వేలం వేసి, వచ్చిన సొమ్ముతో గుళ్లు, రోడ్లు, ఊరుమ్మడి పనులు చేయిస్తాయి. పుస్తకంలో పేరుండి ఊళ్లో లేని సంఘం లెక్కకెక్కగా, ఊళ్లో నిత్యం పనిచేసే కమిటీ బయటే మిగిలిపోతుంది.

ఐక్యరాజ్యసమితి నిర్వచనానికి నమోదు తప్పనిసరి కాదు. సంస్థాగత రూపం, లాభం పంచకపోవడం, ప్రభుత్వానికి వెలుపల ఉండటం, స్వయంపాలన, నిర్బంధం లేని సభ్యత్వం అనే ఐదు లక్షణాలు ఉంటే చాలు. వీడీసీలు మొదటి నాలుగింటిలో ఏదో రకంగా నెగ్గినా, మాట వినని కుటుంబాలపై జరిమానా, సాంఘిక బహిష్కరణ విధించాయన్న ఫిర్యాదులు, కేసులు పదేపదే వచ్చినందున ఐదోదాని దగ్గర ఆగిపోతాయి. వాటి వసూళ్లను చూసి తోడ్పాటు పెద్దదనుకోవడమూ పొరపాటే. దుకాణం హక్కుకు పాటదారు కట్టిన సొమ్ము చివరకు తాగేవాడు ఇచ్చే ధరలో కలుస్తుంది కాబట్టి, అది ఒకరి జేబు నుంచి మరొకరి చేతికి మారిన డబ్బే తప్ప కొత్త ఉత్పత్తి కాదు. ఆ సొమ్ముతో వేసిన రోడ్డు, దానికి తోడైన శ్రమదానం మాత్రమే ఉత్పత్తి కిందకు వస్తాయి.