తుపాకి మీది వెలుగునకు హద్దు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో సామాన్య గృహస్థుడు తుపాకి కొనుట మన దేశమునందు వలె దుర్లభము కాదు. పెక్కు రాష్ట్రములలో అంగడికి పోయి, అడిగిన వివరములు వ్రాసి యిచ్చి, పూర్వపు నేరములు లేవని తేలిన పిమ్మట తుపాకిని ఇంటికి గొనిపోవచ్చును. అట్టి దేశమున ప్రభుత్వము ఒక వింత హద్దును గీచినది. తుపాకి గొట్టము క్రింద తగిలించి, గుండు తగులబోవు చోట చిన్న చుక్కను చూపు లేసరు దీపము కలదు. పౌరులకు అమ్ము ఆ దీపపు వెలుగు 5 మిల్లీవాట్లను మించరాదు. మన యింట రాత్రివేళ వెలుగు 5 వాట్ల చిన్న బల్బు పుచ్చుకొను శక్తిలో అది వేయవ వంతు మాత్రమే. ప్రాణము తీయు గుండునకు లేనంత నిక్కచ్చి కొలత ఈ చుక్కకు ఏల వచ్చినది? ఆయుధముల చట్టములలో వెదకినచో దీనికి సమాధానము దొరకదు. టెలివిజను పెట్టెల చరిత్రను తెరచి చూడవలెను. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచితిని.

మొదట లేసరును గూర్చి రెండు మాటలు. దీనికి మూలమైన సూత్రమును ఐన్‌స్టీన్ పండితుడు 1917లో చెప్పెను. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబూలో థియొడార్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు కృత్రిమమైన కెంపు కడ్డీనుండి మొట్టమొదటి లేసరు వెలుగును పుట్టించెను. లాంతరు వెలుగు నలుదిక్కులకు చెదరిపోవును. లేసరు వెలుగు చెదరక, సాగదీసిన దారము వలె దూరము పోవును. దాని ఉపయోగమును దాని అపాయమును రెండును ఈ గుణమునందే యున్నవి. కంటిలోని కటకము ఆ సన్నని ధారను రెటీనా యను లోపలి తెరపై సూదిమొన యంత చోటికి చేర్చును. కంటి మీద పడిన వెలుగు ఆ తెరను చేరునప్పటికి సుమారు లక్ష రెట్లు చిక్కబడునని శాస్త్రజ్ఞుల లెక్క. చిన్ననాట భూతద్దముతో ఎండను పట్టి ఎండుటాకును కాల్చినవారికి ఈ సంగతి నేను విప్పి చెప్పనక్కరలేదు. ఆకు పోయిన మరియొక ఆకు చిగుర్చును. కాలిన రెటీనా మరల చిగుర్పదు.

ఇక టెలివిజను మాట. 1967లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారి రంగుల టెలివిజను పెట్టెలు కొన్ని హద్దు మీరి ఎక్స్-కిరణములను వెలువరించుచున్నవని బయటపడెను. పిల్లలు పెట్టె ముందర చేరి గంటల తరబడి కూర్చుండు దేశము గదా, జనులు కలవరపడిరి. మరుసటి యేట, 1968 అక్టోబరు 18న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒక చట్టముపై సంతకము చేసెను. విద్యుత్పరికరములనుండి వెలువడు కిరణములవలన ప్రజల ఆరోగ్యమునకు హాని కలుగకుండ చూచుట దాని యుద్దేశము. ఆ చట్టపు పాలన 1971లో ఆహార ఔషధ పాలనా సంస్థకు చేరినది. మందులను, తినుబండారములను పరీక్షించు కార్యాలయము చేతికి లేసరు వచ్చినది ఇట్లు.

ఆ సంస్థవారు లేసరులను తరగతులుగా విభజించి చేసిన నిబంధనలు 1976 ఆగస్టులో అమలులోనికి వచ్చెను. వారు అన్నిటికంటె మిన్నగా కనురెప్పను నమ్మిరి. ఒక మిల్లీవాటు లోపు వెలుగు కంటబడినచో, పావు సెకనులో రెప్ప తనంత తాను మూతపడి కన్నును కాపాడును. ఆ పైన 5 మిల్లీవాట్ల వరకు హెచ్చరిక చీటీ అంటించి అమ్మవచ్చునని నిర్ణయించిరి. అంతకు మించిన వానికి తాళపు చెవి మొదలగు కట్టుబాట్లు పెట్టిరి. భూమి కొలుచుటకు, మట్టము చూచుటకు, వరుస సరిపరచుటకు వాడు లేసరులను ఒక ప్రత్యేక వర్గముగా జేసి, వానికి 5 మిల్లీవాట్లే తుది హద్దనిరి. గురి చూపు తుపాకి దీపములను సంస్థవారు ఈ వర్గమునందే చేర్చిరి. మేస్త్రీ రసమట్టము, సర్వే అమీను గొలుసు, వేటగాని తుపాకి చుక్క, ఈ మూడింటి పనులకును ఒకే పద్దు! నవ్వు వచ్చును గాని, ఆలోచించినచో తప్పు కనబడదు. మూడును సరళరేఖను చూపునవే.

ఆ నిబంధనలు చేసిన నాటికి తుపాకి లేసరు చాల అరుదు. 1984లో 'ది టెర్మినేటర్' అను చలనచిత్రమున పిస్తోలుపై ఎర్రని కిరణమును చూచి లోకము అబ్బురపడెను. ఆనాటి దీపము హీలియము, నియాను వాయువుల గొట్టము. దానికి విద్యుత్తునిచ్చు బ్యాటరీని నటుని దుస్తులలో దాచి తీగతో కలుపవలసి వచ్చెను. తరువాత అర్ధవాహకపు లేసరులు వచ్చి, ఆ గొట్టము బొటనవ్రేలి యంత పెట్టెగా మారెను. తయారీదారులు శక్తిని పెంచరాక రంగును మార్చిరి. ఒకే శక్తి గల ఎరుపుకంటె ఆకుపచ్చ వెలుగు మన కంటికి నాలుగు మొదలు ఎనిమిది రెట్లు కాంతివంతముగా తోచును. చట్టము కొలిచినది మిల్లీవాట్లను గాని మెరపును గాదు. వ్యాపారి తెలివికి ఇది మంచి తార్కాణము.

అసలు చిక్కు కంటికి కానరాని ఇన్‌ఫ్రారెడ్ కిరణముతో వచ్చినది. రాత్రి చూపునిచ్చు అద్దములు పెట్టుకొన్నవానికి మాత్రమే అది కనబడును. కనబడని వెలుగునకు రెప్ప వాలదు. కావున పౌరులకు అమ్ము పరికరములలో దానిని ఒక మిల్లీవాటునకు లోపుగనే ఉంచిరి. సైన్యమునకు ఈ కట్టు లేదు. నిబంధనలు అమలగుటకు కొలది దినముల ముందే, 1976 జూలై 29న, రక్షణశాఖకు మినహాయింపు లభించెను. అమెరికా సైనికులు వాడు పి.ఇ.క్యు.-15 అను పరికరమున గురి చూపు ఇన్‌ఫ్రారెడ్ కిరణము సుమారు 25 మిల్లీవాట్ల వరకు పోవును. పౌరులకు అమ్ము దాని తోబుట్టువు చూచుటకు అచ్చముగా అట్లే యుండును. శక్తి మాత్రము ముప్పదియవ వంతునకు దగ్గరగా నుండును.

ప్రభుత్వమునకొక కొలత, ప్రజకొక కొలత అనగానే మనవారికి 1878 నాటి ఇండియను ఆయుధముల చట్టము తలపునకు వచ్చును. లైసెన్సు లేక తుపాకి పట్టరాదని మనలను శాసించి, ఆ చట్టము యూరోపియనులను మాత్రము తొలుత విడిచిపెట్టినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు గొనిపోయినది అట్టి పాలనలోనే. కాని ఈ రెండు చట్టములను ఒకే గాట కట్టుట నాకు సమ్మతము కాదు. మన నాటి చట్టము పట్టువాని జాతి చూచినది. ఈ లేసరు నిబంధన వస్తువును చూచుచున్నది. అదియు తయారుచేయువానిని, అమ్మువానిని పట్టుకొనును గాని కొని యింట నుంచుకొన్నవానిని కాదు.

అక్కడివారి ఫిర్యాదును గూడ చెప్పుట న్యాయము. టెక్సస్ రాష్ట్రమున అడవిపందులు రాత్రివేళ చేలపై పడి పంటను పాడుచేయును. వేరుశనగ చేనికి కాపు గాచిన మన రైతునకు ఆ బాధ తెలియును. చీకటిలో దూరపు పందిని గుర్తించుటకు బలమైన కిరణము కావలెనని వారు కోరుదురు. గుండును నమ్మి యిచ్చినవారు వెలుగును నమ్మి ఈయరేమని అడుగుదురు. వారు చాలమంది లేసరు కాని ఇన్‌ఫ్రారెడ్ దీపములతో పని గడుపుకొనుచున్నారు, వానికి ఈ హద్దు తగులదు గనుక. వారి ప్రశ్న బలమైనదే. అయినను గుండు నేలలో దిగి ఆగిపోవును. కిరణము నీటిపై, అద్దముపై పడి మరలును, మరలి వేసినవాని కంటికే రావచ్చును. కనబడని కిరణమైనచో, తన కన్ను చెడినదని వాడు తెల్లవారిన గాని ఎరుగడు.

శత్రువును శాశ్వతముగా గ్రుడ్డివానిని జేయుటకే నిర్మించిన లేసరు ఆయుధములను దేశములు 1995 అక్టోబరులో వియన్నాలో ఒడంబడిక చేసికొని నిషేధించెను. అది 1998లో అమలులోనికి వచ్చెను. భారతదేశము 1999లోను, అమెరికా 2009లోను అందు చేరినవి. గురి చూపుటకు వాడు లేసరులకు ఆ నిషేధము వర్తింపదు. కావున సైన్యము తన జాగ్రత్త తాను చేసికొన్నది. నేను చెప్పిన పి.ఇ.క్యు.-15 పరికరమున నీలిరంగు మర యొకటి కలదు. దానిని బిగించినచో మీట ఎక్కువ శక్తి వైపునకు తిరుగదు. శిక్షణలో సైనికులు ఒకరి కన్నులను ఒకరు పాడుచేసికొనకుండుటకై ఈ యేర్పాటు. యుద్ధరంగమునకు పోవునపుడు ఆ మర విప్పుదురు. పౌరుని పరికరమున మీటను ఎటు త్రిప్పినను ఆ శక్తి రాదు.