సబర్మతి దూడ

1928లో సబర్మతి ఆశ్రమంలో గాంధీగారు ఒక దూడకి ఇంజక్షన్ ఇప్పించి ప్రాణం తీయించారు. అప్పట్లో పెద్ద గగ్గోలు పుట్టించిన ఆ సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు. నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల పశువుల ఆసుపత్రుల్లో చేసి, రిటైరయ్యాక విజయవాడలో ఇంటి దగ్గరే కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తున్నాను. ఇక బాగుపడని ప్రాణాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, "మీరైతే ఏం చేస్తారండీ?" అని అడుగుతారు. వాళ్లకి ఆ దూడ సంగతి చెబుతాను. ఈ నిర్ణయాన్ని అంతగా నలుగురి ముందూ పెట్టి, మెట్టు మెట్టుగా ఆలోచించి తీసుకున్న సందర్భం నేను చదివినంతలో ఇంకొకటి లేదు.

అది అహమ్మదాబాదు పక్కనే జరిగింది. అందుకే దానికంత బరువు. పశ్చిమ తీరంలో జంతువులకి ఆసుపత్రులు నడపడం చాలా పాత ఆచారం. 1580లలో మన దేశానికి వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అనే ఇంగ్లీషు వర్తకుడు అక్కడ మేకలకీ కుక్కలకీ పిల్లులకీ పక్షులకీ కూడా ఆసుపత్రులున్నాయనీ, కుంటివైనా ముసలివైనా చచ్చేదాకా వాటిని పోషిస్తారనీ రాసుకున్నాడు. వాటినే పింజ్రాపోల్ అంటారు. జైనులూ వైష్ణవ వర్తకులూ చందాలతో నడిపేవాళ్లు. 1832 జూన్‌లో బొంబాయిలో వీధికుక్కల్ని చంపడం మొదలుపెట్టినప్పుడు పారసీలు తిరగబడ్డారు. జైనులూ హిందువులూ వాళ్లతో కలిశారు. బజార్లు మూతపడ్డాయి. రెండేళ్ల తర్వాత జంషెట్జీ జీజీభాయ్ అనే పారసీ వర్తకుడూ, మోతీచంద్ అమీచంద్ అనే జైన వర్తకుడూ పూనుకుని బొంబాయిలో పింజ్రాపోల్ కట్టించారు. ప్రాణం తనంతట తాను పోవాలి, అంతదాకా మేత పెట్టడం, నీళ్లు తాగించడం మన వంతు అని నమ్మిన నేల అది.

మన పల్లెల్లో పింజ్రాపోల్ అనే మాట లేకపోయినా ఆ నమ్మకం ఉంది. మా తాతగారి దగ్గర ఒక ఎద్దుండేది. రాముడు అని పిలిచేవాళ్లం. అది కాడి మొయ్యలేని స్థితికొచ్చాక కూడా పాకలో దాని గుంజ దానిదే. ఆఖరికి ఒకనాడు పడుకున్నది లేవలేదు. గడ్డి పరిచి, పూటపూటకీ నలుగురు మనుషులు పట్టి పక్క తిప్పేవాళ్లు. ఒరుసుకుపోయిన చోట వేపనూనెలో పసుపు కలిపి రాసేవాళ్లు. కాకులు వచ్చి ఆ పుళ్లు పొడిచేవి. మా నాయనమ్మ తాటాకు పట్టుకుని అక్కడే కూర్చునేది. అది కన్ను మూసేదాకా ఎవరి నోటా వేరే మాట రాలేదు. పొలం గట్టున గొయ్యి తవ్వి, ఉప్పు పోసి, పసుపూ కుంకుమా చల్లి పూడ్చారు. పశువుని సంతకి తోలి, ఎవరు కొన్నారో చూడకుండా వెనక్కి తిరిగొచ్చేసిన ఇళ్లూ అదే ఊళ్లో ఉన్నాయి. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ మూడో దారి ఒకటుందన్న ఆలోచనే ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు. చదువుకోవడానికి తిరుపతి పశువైద్య కళాశాలకి వెళ్లాకే నాకూ తెలిసింది.

సబర్మతిలో ఏం జరిగిందో గాంధీగారే రాశారు. 1928 సెప్టెంబరు 30న గుజరాతీ 'నవజీవన్'లో, మరి నాలుగు రోజులకి ఇంగ్లీషు 'యంగ్ ఇండియా'లో ఆ వ్యాసం వచ్చింది. గోసేవా సంఘం తరఫున ఆశ్రమంలో ఒక చిన్న పాడి, తోళ్లు శుద్ధి చేసే కార్ఖానా నడుపుతున్నారు. అక్కడ ఒక దూడ దెబ్బతిని పడిపోయింది. చెయ్యగలిగిన వైద్యం, సేవ అన్నీ చేశారు. పిలిపించిన వైద్యుడు చూసి ఇక ఆశ లేదన్నాడు. పక్కకి తిరగాలన్నా ఆ దూడ భరించలేని నొప్పితో అల్లాడిపోతోంది.

ఇక్కడి నుంచి ఆయన వేసిన అడుగులు చూడండి. ముందు ఆశ్రమం కార్యవర్గంతో మాట్లాడారు. ఎక్కువమంది ఒప్పుకున్నారు. అయినా అక్కడితో ఆపలేదు. ఆశ్రమవాసులందరినీ కూర్చోబెట్టి విషయం వాళ్ల ముందు పెట్టారు. ఆ సభలో ఒక పొరుగాయన గట్టిగా అడ్డుపడ్డాడు. ప్రాణం పొయ్యలేనివాడికి ప్రాణం తీసే హక్కు ఎక్కడిదని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, దూడకి సేవ నేను చేస్తానన్నాడు. ఆశ్రమంలోని కొందరు ఆడవాళ్లతో కలిసి ఈగలు తోలుతూ, ఏదో ఒకటి తినిపించాలని చూస్తూ ఉన్నాడు. స్వలాభం కోసం తీసే ప్రాణమైతే ఆయన వాదన నిలబడేదనీ, ఇక్కడ అది కుదరదనీ గాంధీగారు అన్నారు. చివరికి డాక్టరుని పిలిపించి, తన కళ్ల ముందే విషపు ఇంజక్షన్ ఇప్పించారు. రెండు నిమిషాల లోపే అంతా అయిపోయింది.

నాకు ఆ పొరుగాయన మీద చాలా గౌరవం. వ్యాసంలో ఆయన పేరు లేదు. ఈ కథ చెప్పేవాళ్లు ఆయన్ని మూర్ఖుడిగా చూపిస్తారు, అది అన్యాయం. కాదన్నవాడు సేవకి సిద్ధపడాలన్న ధర్మం ఆయన పాటించాడు. వద్దు వద్దని ఫోన్లో ఏడ్చే బంధువులు మా దగ్గర చాలామంది ఉంటారు. రాత్రి లేచి గుడ్డ మార్చేది, ఒళ్లు తుడిచేది ఇంట్లో ఎవరో ఒక్కరే. ఆ ఒక్కరి మాటకే నేను విలువిస్తాను. మా నాయనమ్మ తాటాకు విసురుతూ కూర్చున్నదీ, ఆయన ఈగలు తోలుతూ కూర్చున్నదీ ఒకటే పని. అందులో ప్రేమ తక్కువేం లేదు. ఆ దూడకి మాత్రం ఈగలు పోయాయి గానీ నొప్పి పోలేదు.

అహమ్మదాబాదు జనం దీన్ని హింసగానే చూస్తారని గాంధీగారికి ముందే తెలుసు. అలాగే జరిగింది. కోపంతో ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. అంతకు రెండేళ్ల ముందు, 1926లో, మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ పిచ్చికుక్కల భయంతో అరవై వీధికుక్కల దాకా చంపించినప్పుడు ఆయన్ని సమర్థిస్తూ రాసి ఇలాంటి కోపమే మూటగట్టుకున్నారు. ఈసారి గోసేవ పేరుతో నడిచే చోట దూడనే చంపించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. మనుషులకీ ఇదే సూత్రం వర్తింపజేస్తారా అన్న ప్రశ్నని తనే వేసుకుని, నాకైనా అంతే అని రాశారు. మనుషుల విషయంలో సాధారణంగా ఏదో ఒక సాయం మన చేతిలో ఉంటుందనీ, తమ సంగతి తాము ఆలోచించుకోగల శక్తి వాళ్లకుంటుందనీ తేడా కూడా చెప్పారు. శస్త్రవైద్యుడు కత్తి పెడితే అది హింస అవుతుందా అని అడిగారు.

అదే వ్యాసంలో రెండో భాగం కోతుల గురించి. ఆశ్రమం తోటల్ని కోతులు పాడుచేస్తున్నాయి. వాటిని చంపడం గురించి ఆలోచిస్తూ, అది మాత్రం హింసే అవుతుందని రాశారు, ఎందుకంటే అది మన పంట కోసం. దూడనీ కోతుల్నీ పక్కపక్కన పెట్టి ఆయన గీసిన ఆ గీత నాకు జీవితమంతా పనికొచ్చింది. బాధ ఎవరిది? జంతువుదా, మనదా? కాలు విరిగినా ఆపరేషన్‌తో నడవగలిగే కుక్కని, ఖర్చనో, ఫ్లాటు మారుతున్నామనో "పంపించేయండి" అని తెచ్చినవాళ్లున్నారు. నేను చెయ్యలేదు. పెంచుకునేవాళ్లని వెతికి ఇచ్చాను. మూత్రపిండాలు పూర్తిగా పాడై, నీళ్లు కూడా కక్కేస్తున్న పిల్లిని, "ఇంకొక్క వారం ఉంచండి, అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు" అని బతిమాలినవాళ్లూ ఉన్నారు. అక్కడా బాధ ఎవరిదన్న ప్రశ్నే. వీడియో కాల్‌లో అబ్బాయికి చూపించండి, ఈ రాత్రికి మించి ఉంచడం దానికి శిక్ష అని చెప్పాను.

ఆ గీత చెరిగిపోతే ఏమవుతుందో 1939లో లండన్‌లో కనిపించింది. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించారు. బాంబు దాడుల్లో జంతువుల సంగతి చూడటానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. పెంపుడు జంతువుల్ని ముందే పల్లెలకి పంపండి, ఎవరికీ అప్పగించలేకపోతే చంపించడమే దయ అని ఆ కమిటీ కరపత్రం సలహా ఇచ్చింది. జనం పిల్లుల్నీ కుక్కల్నీ బుట్టల్లో పెట్టుకుని క్లినిక్కుల ముందు వరసల్లో నిలబడ్డారు. చరిత్రకారిణి హిల్డా కీన్ లెక్క ప్రకారం ఆ కొద్ది రోజుల్లో ఒక్క లండన్‌లోనే దాదాపు 4 లక్షల కుక్కలూ పిల్లులూ పోయాయి. అంటే నగరంలో ఉన్నవాటిలో నాలుగో వంతు. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. నగరం మీద వరుస బాంబు దాడులు మొదలైంది మరుసటి ఏడాది సెప్టెంబరు 7న. చంపవద్దని పశువైద్యులూ జంతు సంక్షేమ సంఘాలూ మొత్తుకున్నా భయం ముందు ఆ మాట చెల్లలేదు. వాళ్లు ప్రేమ లేనివాళ్లని నేను అనుకోను. తమ ముందున్న భయాన్ని జంతువు బాధగా ఊహించుకున్నారు, ఇంటికి వెళ్లి నిదానంగా ఆలోచించే వ్యవధి వాళ్లకెవరూ ఇవ్వలేదు. అందుకే మొదటిసారి తెచ్చిన రోజునే నేను ఈ పని చెయ్యను. నొప్పి తగ్గే మందిచ్చి ఇంటికి పంపిస్తాను. ప్రమాదంలో నుజ్జయి వచ్చిన ప్రాణానికి మాత్రం ఆ ఆలస్యం కూడా అన్యాయం.

మన చట్టం దీనిమీద చెప్పింది కొంచెమే. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన ప్రైవేటు బిల్లు నుంచి పుట్టినది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. అందులో 13వ సెక్షన్, బతికించి ఉంచడమే క్రూరత్వం అనిపించే స్థితిలో ఉన్న జంతువుకి ముగింపు ఇవ్వడానికి కోర్టుకీ పోలీసు అధికారులకీ దారి చూపిస్తుంది. అలాంటి చోట్ల పశువైద్యుడి ధ్రువపత్రానికి విలువ ఇచ్చింది. ఇంట్లో పెంచుకునే కుక్క విషయం మాత్రం పెంచుకున్నవాళ్లకీ వైద్యుడికీ మధ్యనే ఉండిపోయింది. పద్ధతి మాత్రం మారింది. వీధికుక్కలకి గుండెలోకి స్ట్రిక్నిన్ పొడిచి చంపే రోజులు ఒకప్పుడు ఉండేవి. ఆ విషం ఒళ్లంతా విల్లులా బిగదీస్తుంది, స్పృహ మాత్రం పోనివ్వదు. 1982 సవరణతో చట్టం దాన్ని పేరు పెట్టి నేరాల్లో చేర్చింది. 2001లో కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. నయంకాని జబ్బున్న కుక్కకి మత్తుమందుతోనే ముగింపు ఇవ్వాలనీ, ఇంకో కుక్క కళ్ల ముందు ఆ పని చెయ్యకూడదనీ అందులో రాశారు. సర్కారు కాగితంలో ఆ వాక్యం రాసినవారెవరో గానీ, వాళ్లు కుక్కల మధ్య బతికినవాళ్లని నేను నమ్ముతాను.

ఇప్పుడు మేం చేసేది చెబుతాను, ఎందుకంటే తెలియకపోవడం వల్లే సగం భయం. ముందు కండకి మత్తు ఇస్తాం. అది నెమ్మదిగా తల వాల్చేస్తుంది. ముందుకాలి నరానికి సన్నటి గొట్టం పెట్టి, అందులోంచి థయోపెంటోన్ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తాం. స్పృహ పోతుంది, తర్వాత ఊపిరి, తర్వాత గుండె. కళ్లు మూతపడవు. గుండె ఆగాక కూడా ఒక్కోసారి ఛాతీ ఒకసారి ఎగసిపడుతుంది. ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్లు అది చూసి, అప్పటికి ప్రాణం పోలేదేమోనని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. ఇంట్లోవాళ్లు ఒక్కరైనా పక్కన ఉండాలన్నది నా షరతు. డ్రైవరు చేత పంపించి, "అయ్యాక ఫోన్ చెయ్యండి" అంటే ఒప్పుకోను. డాక్టరుకి అప్పగించి గాంధీగారు తన గదికి వెళ్లిపోవచ్చు. ఆయన అక్కడే ఉన్నారు.

లేవలేని పాడిపశువుల దగ్గర ఈ మాట ఎత్తడం కుక్కల కంటే కష్టం. పెనమలూరు వైపు ఒక రైతు గేదె పక్కన చతికిలబడి, "నా పిల్లలు దీని పాలు తాగి పెరిగారు డాక్టరు గారూ, నా నోటితో ఎట్టా చెప్పమంటారు?" అన్నాడు. చెప్పొద్దన్నాను. నొప్పికి మందులిచ్చి, రోజూ వెళ్లి చూసి వచ్చాను. అది తనంతట తానే పోయింది. ఆ రైతు చేసింది కూడా నాకు సరిగానే కనిపించింది, ఎందుకంటే దానికి నొప్పి పెద్దగా లేదు, మేత ముడుతూనే ఉంది.

పని అయ్యాక కొన్నాళ్లకి ఫోన్లు వస్తాయి. అర్ధరాత్రి కూడా వస్తాయి. "తొందరపడ్డామా సార్?" అని అడుగుతారు. దీనికి ఓదార్పు మాటలు చాలవని నాకు ఉద్యోగం మొదట్లోనే అర్థమైంది. అందుకే జబ్బు ముదిరిన రోజు నుంచి కేసు కాగితం మీద ఇంట్లోవాళ్ల చేతే రాయిస్తాను. ఇవాళ ఎంత తిన్నది, తనంతట లేచిందా, రాత్రి ఎన్నిసార్లు మూలిగింది, పిలిస్తే తోక ఆడించిందా. ఎక్స్‌రేలో ఏముందో, రక్తపరీక్షలో ఏముందో, ఏ మందు ఎన్ని రోజులు వాడి ఎందుకు మానేశామో నేను రాస్తాను. ఆఖరి రోజు కింద ఇద్దరం సంతకం పెడతాం. ఒక ప్రతి వాళ్లకి, ఒకటి నా బీరువాలో. ఫోన్ చేసినవాళ్లని ఆగమని, ఆ కాగితం తీసి, వాళ్ల చేతిరాతలో ఉన్నదే మొదటి రోజు నుంచి చదివి వినిపిస్తాను.