డీమన్ హంటింగ్ సాకర్ మామ్ (నవలల వరుస)

డీమన్ హంటింగ్ సాకర్ మామ్ అనేది అమెరికన్ రచయిత్రి జూలీ కెన్నర్ ఆంగ్లంలో రచించిన హాస్య నవలల వరుస. ఇద్దరు పిల్లల తల్లి అయిన కేట్ కానర్ అనే గృహిణి, ఎన్నడో వదిలిపెట్టిన దయ్యాల వేట వృత్తిని ఇంట్లోవారికి తెలియకుండా మళ్ళీ చేపట్టవలసి రావడం వీటి ఇతివృత్తం. మొదటి నవల 'కార్పే డీమన్' 2005లో వెలువడింది. కథ అంతా కేట్ తన మాటల్లో చెప్పుకున్నట్లుగా, ఉత్తమ పురుషలో సాగుతుంది. రచయిత్రి కెన్నర్ పూర్వం న్యాయవాదిగా పనిచేశారు. తరువాతి కాలంలో జె. కెన్నర్ అనే పేరుతో రాసిన శృంగార నవలల వల్ల ఆమె మరింత మంది పాఠకులకు పరిచయమయ్యారు.

పేరు వెనుక కథ

మనం ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికావారు సాకర్ అంటారు. పిల్లలను బడికి, ఆటలకు, సంగీత పాఠాలకు పెద్ద వ్యానులో తిప్పుతూ రోజు గడిపే శివారు ప్రాంతపు మధ్యతరగతి తల్లికి అక్కడ 'సాకర్ మామ్' అని పేరు. 1996లో బిల్ క్లింటన్, బాబ్ డోల్ అధ్యక్ష పదవికి పోటీపడినపుడు ఇటువంటి తల్లుల ఓట్లు ఎటు పడతాయన్న చర్చ జరిగి, ఈ మాట పత్రికలలో విరివిగా వాడుకలోకి వచ్చింది. ఆ మాటలో కొంత చులకన భావం కూడా ఉంది. బయటివారి కంటికి ఏ ప్రత్యేకతా కనిపించని అటువంటి మనిషినే కెన్నర్ కథానాయికను చేశారు.

దయ్యాల స్వభావం

ఇందులోని 'డీమన్' తెలుగువారు సాధారణంగా దయ్యమని చెప్పుకునేది కాదు. మన వాడుకలో దయ్యమంటే చనిపోయిన మనిషే తిరిగి రావడం. ఈ నవలలలోని డీమన్ క్రైస్తవ సంప్రదాయానికి చెందిన దుష్టాత్మ. తెలుగు బైబిలులో దయ్యము అన్న మాట ఈ అర్థంలోనే కనిపిస్తుంది. మనిషి మరణించిన కొద్దిసేపటిలోనే ఆ దేహంలో ప్రవేశించి, బ్రతికి ఉన్నవాడిలాగే లోకంలో తిరగడం దీని పద్ధతి. శవాన్ని ఆవహించే బేతాళుడిని చందమామలో చదివినవారికి ఈ ఊహ కొత్తగా తోచదు. ఇలా ఆవహించినవారిని దుర్వాసన గల శ్వాసను బట్టి గుర్తించవచ్చు. పవిత్ర జలం వారికి నిప్పులా తగులుతుంది. పవిత్ర స్థలంలో వారు నిలవలేరు. చంపడానికి ఉన్న మార్గం కంటిలో పొడవడం. అప్పుడు దుష్టాత్మ వెళ్ళిపోయి, శవం మాత్రం మిగులుతుంది. ఈ మిగిలిన శవమే కథలో కేట్‌కు పెద్ద తలనొప్పి.

వీటిని వేటాడటానికి వాటికన్ ఆధ్వర్యంలో ఫోర్జా స్కూరా అనే రహస్య సంస్థ ఉన్నట్లు కెన్నర్ కల్పించారు. సంస్థ సంగతి కుటుంబ సభ్యులకు కూడా చెప్పరాదు. ఈ నియమమే కథకు ప్రాణం.

కథ

అనాథ అయిన కేట్‌ను రోమ్‌లో ఫోర్జా పెంచి, వేటగత్తెగా తీర్చిదిద్దింది. తోటి వేటగాడు ఎరిక్‌ను ఆమె వివాహమాడింది. తరువాత ఇద్దరూ వృత్తిని విరమించి, కాలిఫోర్నియాలోని శాన్ డయాబ్లో అనే పట్టణంలో స్థిరపడ్డారు. ఈ ఊరు కల్పితం. స్పానిష్ భాషలో శాన్ అంటే పునీతుడు, డయాబ్లో అంటే సైతాను కాబట్టి ఊరి పేరే ఒక పరిహాసం. కూతురు ఆలీ చిన్నతనంలోనే ఎరిక్ శాన్ ఫ్రాన్సిస్కోలో మరణించాడు. కేట్ తరువాత స్టువర్ట్ అనే న్యాయవాదిని పెళ్ళి చేసుకున్నది. వీరికి టిమ్మీ అనే పసివాడు. స్టువర్ట్‌కు భార్య గతం ఏమాత్రం తెలియదు.

మొదటి నవల ఆరంభంలో కేట్ వాల్‌మార్ట్ దుకాణంలో ఒక వృద్ధుడి వద్ద నుండి వచ్చే వాసనను అనుమానిస్తుంది. ఆనాటి సాయంత్రమే అతడు వంటింటి కిటికీ బద్దలుకొట్టుకుని లోపలికి దూకుతాడు. స్టువర్ట్ ఎన్నికలలో నిలబడే ప్రయత్నంలో ఉన్నాడు. అందుకు పనికివచ్చే పెద్దమనుషులు కొద్దిసేపట్లో విందుకు రానున్నారు. కేట్ ఆ వృద్ధుడిని చంపి, శవాన్ని సామాన్ల గదిలో దాచి, అతిథులకు వడ్డన చేస్తుంది. నవలల ధోరణి మొత్తానికి ఈ ఘట్టం ఒక్కటే చక్కని నమూనా. దయ్యం వచ్చినందుకు ఆమె భయపడిన దానికంటే, వంట పూర్తి కానందుకు పడే కంగారు ఎక్కువ.

పట్టణంలోని సెయింట్ మేరీస్ చర్చి పాత దస్తావేజులలో దయ్యాలకు కావలసినదేదో దాగి ఉందని తరువాత తెలుస్తుంది. ఆ కాగితాలను వెతకడానికి వెళ్ళాలంటే టిమ్మీని ఎవరికో అప్పగించాలి. పసివాడిని మొదటిసారి శిశు సంరక్షణ కేంద్రంలో వదిలినపుడు ఆ తల్లి పడే బాధను రచయిత్రి పోరాట దృశ్యాలకంటే శ్రద్ధగా చిత్రించారు. ఒక దశలో కేట్ సొంత భర్తనే అనుమానించవలసి వస్తుంది. తన గతాన్ని అతని దగ్గర దాచిన మనిషే అతడు ఏమి దాస్తున్నాడోనని వెతకడం ఈ నవలలో హాస్యం పలుచబడే చోటు.

వృద్ధాశ్రమంలో మగ్గుతున్న మాజీ వేటగాడు ఎడ్డీ పాత్ర పాఠకులకు నవ్వు తెప్పిస్తుంది. కేట్ అతనిని ఇంటికి తెచ్చి, ఎరిక్ తాతగారని చెప్పి ఉంచుకుంటుంది. పక్కింటి స్నేహితురాలు లారాకు మాత్రం నిజం తెలుసు. తరువాతి నవలలలో ఆలీ కూడా తెలుసుకుని, తల్లి వృత్తిని తానూ నేర్చుకోవాలని పట్టుబడుతుంది. ఇక ఆలీ చదివే బడిలో పాఠాలు చెప్పే డేవిడ్ అనే ఉపాధ్యాయుని ద్వారా ఎరిక్ గతం మళ్ళీ కేట్ జీవితంలోకి ప్రవేశిస్తుంది. అప్పటినుండి కథ బరువెక్కుతుంది. ఇన్ని జరిగినా స్టువర్ట్‌కు చాలాకాలం ఏమీ తెలియకపోవడం కొంత నమ్మశక్యంగా ఉండదు.

నవలలు, వాటి పేర్లు

మొదటి అయిదు నవలలను బెర్క్‌లీ సంస్థ ప్రచురించింది. ఆంగ్లంలో బాగా వాడుకలో ఉన్న పదబంధాలను విరిచి పేర్లు పెట్టడం ఈ వరుసలో ఆనవాయితీ. 'కార్పే డీమన్' (2005) లాటిన్ కవి హోరేస్ వాడిన 'కార్పే డియెం' (ఈ దినాన్ని అందిపుచ్చుకో) అన్న మాటకు అనుకరణ. 'కాలిఫోర్నియా డీమన్' (2006) 1960ల నాటి ఒక ప్రసిద్ధ పాట పేరును తలపిస్తుంది. 'డీమన్స్ ఆర్ ఫరెవర్' (2007)లో జేమ్స్ బాండ్ కథ 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' ధ్వనిస్తుంది. 'దేజా డీమన్' (2008)కు మూలం, ఇదివరకే చూసినట్లు తోచే అనుభవాన్ని తెలిపే 'దేజా వూ' అనే ఫ్రెంచి మాట. 'డీమన్ ఎక్స్ మెషినా' (2009) పేరు, ప్రాచీన నాటకాలలో చిక్కుముడి విప్పడానికి చివరలో దేవుణ్ణి యంత్రంతో రంగస్థలంపైకి దించే పద్ధతి నుండి పుట్టింది. కొంత విరామం తరువాత 2014లో వచ్చిన 'పాక్స్ డీమోనికా'లో కేట్ కుటుంబ సమేతంగా రోమ్ వెళుతుంది.

బఫీతో పోలిక

ఈ నవలలను 'బఫీ ద వాంపైర్ స్లేయర్' అనే టెలివిజన్ ధారావాహికతో (1997-2003) పోల్చడం పరిపాటి. బఫీ బడికి వెళ్ళే వయసు పిల్ల. ఆమెకు పెళ్ళై, పిల్లలు పుట్టి, నెలసరి ఖర్చులు చూసుకోవలసి వస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు కేట్‌ను జవాబుగా చెప్పుకోవచ్చు. వయసుతో పాటు కేట్ ఒంట్లో పట్టు తగ్గింది, సాధన తప్పింది. ప్రతి పోరాటానికీ మరునాడు ఒళ్ళునొప్పులతో పిల్లలకు ఫలహారం సిద్ధం చేయవలసినది కూడా ఆమే.

చలనచిత్ర ప్రయత్నం

మొదటి నవలను వార్నర్ బ్రదర్స్ కోసం చలనచిత్రంగా రూపొందించే ప్రయత్నాన్ని 1492 పిక్చర్స్ సంస్థ చేపట్టింది. తొలి హ్యారీ పాటర్ చిత్రాల దర్శకుడు క్రిస్ కొలంబస్ స్థాపించిన సంస్థ ఇది. అయితే ఆ చిత్రం తెరకెక్కలేదు.