బ్రౌను దొరకి మొదటి వాచకం ఎవరిచ్చారు?

ఎస్పరాంతో సొంతంగా నేర్చుకుందామనుకునే వాళ్ళకి ఒక సుఖముంది. ఆ భాష పుట్టడమే వాచకంతో పుట్టింది. 1887లో వార్సాలో జామెన్‌హాఫ్ అనే కళ్ళ డాక్టరు వేసిన చిన్న పుస్తకంలో 16 సూత్రాలు, సుమారు 900 ధాతువులు. ముందు మాన్యువల్ రాసి తర్వాత యూజర్లని వెతుక్కున్నాడన్నమాట. మన తెలుగుది సరిగ్గా దీనికి తిరగేసిన కేసు. యూజర్లకి కొదవ లేదు, డాక్యుమెంటేషనే అంతంతమాత్రం.

ఆ బాధ బాగా తెలిసినవాడు సి.పి. బ్రౌను. 1817లో మద్రాసులో దిగేనాటికి పద్దెనిమిదేళ్ళు, తెలుగు ముక్క రాదు. ఇంగ్లీషులో ఉన్న తెలుగు వ్యాకరణాలు రెండో మూడో: కేరీది 1814, క్యాంబెల్‌ది 1816. మామిడి వెంకయ్య 1806కే ఆంధ్రదీపిక పూర్తి చేశారు గానీ, అది తెలుగు మాటకి తెలుగులో అర్థం చెప్పే నిఘంటువు. మొదలుపెట్టేవాడికి ఏం పనికొస్తుంది? క్యాంబెల్ నిఘంటువు వచ్చింది 1821లో. అప్పటికే, 1820 ఆగస్టులో, బ్రౌను పరీక్ష పాసై కడపలో ఉద్యోగంలో చేరిపోయాడు.

కడప కచ్చేరిలో సిలబస్ వేరు. పండితులు నేర్పేది కావ్యాల తెలుగు. రైతు మాట్లాడేది సీమ తెలుగు, మధ్యమధ్యలో జమాబందీ, దస్తావేజు అంటూ పార్సీ మాటలు. ఈ తేడా ఆయన మర్చిపోలేదనడానికి 1854లో అచ్చేసిన మిశ్రభాషా నిఘంటువే సాక్ష్యం. కచ్చేరీల్లో దొర్లే పరాయి మాటలకే విడిగా ఒక నిఘంటువు!

వేమన మీద పడటం కూడా నాకు అందులో భాగంగానే కనిపిస్తుంది. చిన్న పద్యం, వాడుక మాటలు. 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చేశాడు. ఈలోగా 1826లో మళ్ళీ కడపకొచ్చి బంగళా కొని, పండితుల్నీ రాయసగాళ్ళనీ సొంత జీతంతో పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి పది ప్రతులు తెప్పించి పాఠాలు పోల్చడం... వెర్షన్ కంట్రోల్ లేని కాలంలో చేత్తో డిఫ్ తీయడం :) వ్యాకరణం 1840లో, నిఘంటువు 1852లో వచ్చాయి. నన్నడిగితే 1853లో వేసిన 'రాజుల యుద్ధాలు' ఇంకా గొప్ప పని. అనంతపురం చరిత్ర అది, మామూలు మనుషుల వచనం. కొత్తగా నేర్చుకునేవాడికి ప్రబంధం కాకుండా దాన్ని చదవమన్నాడు.

మనం ఆయన్ని తెలుగుని ఉద్ధరించిన దొరగా దండలేసి వదిలేశాం. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం కట్టించారు, సంతోషం. కానీ ఆయన మొదట ఒక విద్యార్థి. తనకి దొరకనివన్నీ తర్వాత వచ్చేవాడి కోసం తయారుచేసి పెట్టాడు. మరి మనమో?

అసలేమీ లేవని కాదు. లీ లిస్కర్ 1963లో మాట్లాడే తెలుగుకి పాఠాలు రాశాడు, భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం వేశారు. కర్నూలు బస్టాండులో అడిగి చూడండి, దొరికేది మాత్రం పెద్దబాలశిక్ష. అది అప్పటికే తెలుగు మాట్లాడే పిల్లవాడికి అక్షరాలు నేర్పే పుస్తకం. మా టీములో పాట్నా కుర్రాడికి అక్షరాలు కాదు, ఆటోవాడితో మాట్లాడటం కావాలి. చివరికి నేనిచ్చిన లింకు షికాగో యూనివర్సిటీ వాళ్ళు నెట్లో పెట్టిన బ్రౌను నిఘంటువుదే, 1903లో సవరించిన కూర్పు. దాంతో కుస్తీ పడుతున్నాడు పాపం. ఇంతకన్నా తేలికైనదేదైనా మీకు తెలిస్తే చెప్పండి, వాడికి పంపిస్తా.