తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు ఎక్కడండీ?

"నువ్వేమన్నా పెద్ద తురుంఖానువా?" అన్న మాట హైదరాబాదులో వినని వాళ్ళుండరు. ఆఫీసులో కొత్తగా చేరినవాడు మొదటి వారంలోనే మొత్తం కోడు తిరగరాస్తానంటే మనం వెనకాల అనుకునే మాట అదే. ఆ తురుంఖాను నిజంగా ఉన్న మనిషే అంటారు. ఆయన పేరు మీద అబిడ్స్ కి కూతవేటు దూరంలో ఒక రోడ్డు కూడా ఉంది. తుర్రేబాజ్ ఖాన్ రోడ్డు.

ఎక్కడా అంటారా? అబిడ్స్ నుంచి కోఠి వైపు వెళ్తుంటే వచ్చే ట్రూప్ బజార్ దగ్గర. ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ట్రూప్ బజార్ గురించి చెప్పక్కర్లేదు, లైట్లూ వైర్లూ కుళాయిల కోసం అందరూ తిరిగేది అక్కడే. ఒక్కసారి నాంపల్లి స్టేషన్ బయట ఆటో ఎక్కి "తుర్రేబాజ్ ఖాన్ రోడ్డుకి పోనీ" అని చూడండి. "అదెక్కడ సార్?" అంటాడు. ట్రూప్ బజార్ అంటే మాత్రం మీటరు వెయ్యకుండానే రేటు చెప్తాడు.

ఇంతకీ ఎవరీయన? కాస్త చరిత్రలోకి వెళ్దాం.

1857లో ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డారు. అదే ఏడాది మే నెలలో ఇక్కడ అఫ్జలుద్దౌలా నిజాం అయ్యాడు. దివాను మొదటి సాలార్ జంగ్. ఇద్దరూ ఇంగ్లీషు వాళ్ళ పక్షమే. జమేదార్ చీదా ఖాన్ అనే సైనికుడు, ఢిల్లీ మీదకి వెళ్ళి మనవాళ్ళతోనే పోరాడటం ఇష్టం లేక, తన దళాన్ని వదిలి మరికొందరితో హైదరాబాదు వచ్చాడు. వాళ్ళని పట్టుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించేశారు.

దాంతో ఊరు భగ్గుమంది. జులై 17 సాయంత్రం బేగంబజారుకి చెందిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కలిసి, ఎక్కువమంది రోహిల్లాలున్న సుమారు 500 మందితో రెసిడెన్సీ మీదకి వెళ్ళారు. ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు సాహుకార్ల ఇళ్ళలోకి చేరి, అక్కడినుంచి తుపాకులు పేల్చారు. కానీ విషయం రెసిడెంటు కల్నల్ డేవిడ్సన్ కి ముందే తెలుసు, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా కాల్పులు జరిగాయి. తెల్లారేసరికి అంతా అయిపోయింది.

తుర్రేబాజ్ ఖాన్ కొద్ది రోజులకే దొరికిపోయాడు. అండమాన్ లో యావజ్జీవ ప్రవాస శిక్ష వేశారు. అక్కడికి పంపేలోగానే, 1859 జనవరిలో, జైలు నుంచి తప్పించుకున్నాడు. పట్టిచ్చిన వాళ్ళకి 5000 రూపాయలు బహుమానం ప్రకటించారు. అప్పట్లో 5000 అంటే మాటలు కాదు. వారం తిరక్కుండా తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేలా వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్ అండమాన్ వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు.

ఇక్కడ బ్యాలెన్స్ షీటు కూడా చూడాలి. 1860 ఒప్పందంలో ఇంగ్లీషు వాళ్ళు నిజాముకి రాయచూరు, నల్దుర్గ్ వెనక్కిచ్చారు, 50 లక్షల అప్పు మాఫీ చేశారు. అఫ్జలుద్దౌలా పేరుతో అఫ్జల్ గంజ్ ఉంది. సాలార్ జంగ్ వంశం పేరుతో మ్యూజియం ఉంది. ఈ రెండు పేర్లూ తెలియని హైదరాబాదీ ఉండడు. తుర్రేబాజ్ ఖాన్ కి స్వతంత్రం వచ్చాక రోడ్డు దక్కింది, కోఠిలో ఒక స్మారకం దక్కింది. జనం నోట్లో దక్కింది మాత్రం ఒక వెక్కిరింత.

"ఆయన సైనికుడెలా అవుతాడు? ఏ సైన్యంలో పనిచేశాడు? ఏ పెన్షను బుక్కులో పేరుంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే చుట్టుపక్కల ఉన్న మిగతా పేర్లు కూడా ఒకసారి చూద్దాం.

నాంపల్లి అనే పేరు నేక్ నాం ఖాన్ అనే బిరుదు నుంచి వచ్చిందని చెప్తారు. ఆయన అసలు పేరు రజా కులీ, గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర సేనాని. 1662లో ఇప్పటి చెన్నైలోని శాంథోమ్ ని పోర్చుగీసు వాళ్ళ దగ్గర్నుంచి గెలిచాడు, 1672లో పోయాడు. ఆయన జాగీరు నేక్ నాం పూర్. పోనుపోనూ 'పూర్' పోయి 'పల్లి' వచ్చింది, 'నేక్' కూడా రాలిపోయింది. అంటే రోజూ లక్షమంది పలికే నాంపల్లిలో ఒక సేనాపతి ఉన్నాడన్నమాట!

ఇటు అబిడ్స్ పక్కన గన్ ఫౌండ్రీ. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాన్ ఫిరంగులు పోయించిన చోటు. ఆయన 1798లో చనిపోయాడు. మూసారాంబాగ్ లో 'మూసారాం' అంటే ముస్యే రేమానే. ఆ పక్కనే ఫతే మైదాన్, 1687లో గోల్కొండని గెలిచిన ఔరంగజేబు సైన్యం విడిది చేసిన చోటని చెప్పుకుంటారు. 1967 నుంచి అది లాల్ బహదూర్ స్టేడియం.

ఇక అబిడ్స్ అంటే ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మేనియన్ దుకాణం. మనకి ఇంకో అబిద్ ఉన్నాడు, 1911లో హైదరాబాదులోనే పుట్టిన అబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీకి ఇంజినీరింగు చదవడానికి వెళ్ళి, సుభాష్ బోసు వెంట నడిచాడు. 1943లో ఆయనతోపాటు సబ్ మెరీన్ లో ప్రయాణం చేశాడు, ఆజాద్ హింద్ ఫౌజులో ఇంఫాల్ వైపు పోరాడాడు. 'జైహింద్' అన్న నినాదం ఆయన ఇచ్చిందేనంటారు. 1984లో పోయాడు. అబిడ్స్ లో దిగే వాళ్ళలో ఎంతమందికి ఈ రెండో అబిద్ తెలుసు?

సంగతేంటంటే, నాంపల్లి, గన్ ఫౌండ్రీ, అబిడ్స్ - వీటికి ఎవరూ సభపెట్టి పేర్లు పెట్టలేదు. జాగీరు, కార్ఖానా, దుకాణం... జనానికి పని ఉంది కాబట్టి పేరు నిలిచింది. మనిషి మాత్రం మాయమైపోయాడు. తుర్రేబాజ్ ఖాన్ రోడ్డుకి గౌరవంతో పేరు పెట్టారు. అక్కడ పేరే నిలవలేదు. అంటే సైనికుణ్ణి గుర్తుంచుకోవడానికి ఉత్త పేరు సరిపోవడం లేదు. పేరుతోపాటు కథ కూడా ఉండాలి. కామెంటు లేని కోడులో వేరియబుల్ పేరు చూసి, అదెందుకుందో తెలీక తల పట్టుకోవడం మనకి అలవాటే కదా!

ఇదేదో పాత గొడవ అనుకోకండి. గల్వాన్ లో 2020 జూన్ 15న కల్నల్ సంతోష్ బాబు చనిపోయారు. ఏడాదికల్లా సూర్యాపేటలో ఆయన విగ్రహం పెట్టారు, ఆ చౌరస్తాకి ఆయన పేరు పెట్టారు. మంచి పని. మనకిప్పుడు కథ తెలుసు కాబట్టి బోర్డు చూస్తే గుండె బరువెక్కుతుంది. 2080లో ఆ చౌరస్తాలో బస్సు దిగే కుర్రాడికి? తుర్రేబాజ్ ఖాన్ రోడ్డులో స్విచ్ బోర్డులు కొనే మనలాగే ఉంటాడు, ఇప్పుడే ఏమీ చెయ్యకపోతే.

అదే కోఠిలో, తుర్రేబాజ్ ఖాన్ దాడి చేసిన ఆ రెసిడెన్సీ తర్వాత మహిళా కళాశాల అయ్యింది, 2022లో విశ్వవిద్యాలయం అయ్యింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడ చదివే పిల్లలకి ఐలమ్మ ఎవరో చెప్పేవాళ్ళున్నారు. రోడ్డుకి ఆ అదృష్టం లేదు, బోర్డే చెప్పాలి.

కాబట్టి కార్పొరేషను వారికి నా విన్నపం చాలా చిన్నది. కొత్త పేర్లు తర్వాత చూద్దాం. ఉన్న బోర్డుల కింద రెండు లైన్లు రాయించండి - ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు. పెయింటు డబ్బా ఖర్చు. తెలుగులో, ఉర్దూలో.

అంతవరకూ మన చేతిలో పని కూడా ఒకటుంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ లో వీధి పేరు ఎవరి మీద పెట్టారో రాసేందుకు ఎటిమాలజీ అని ఒక ట్యాగే ఉంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం చాలు. మీ ఊళ్ళో, మీ వీధిలో ఇలాంటి పేరుంటే కనుక్కుని రాయండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చాలావరకు కథ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఈసారి ఎవరైనా మిమ్మల్ని తురుంఖాను అని వెక్కిరిస్తే మాత్రం కోపం తెచ్చుకోకండి. థాంక్యూ చెప్పి, ట్రూప్ బజార్ కి దారి చూపించండి.