విండోస్ 7లో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ డ్రైవరు

గ్రాఫిక్స్ డ్రైవరు అనగా కంప్యూటరులోని గ్రాఫిక్స్ చిప్‌కూ, ఆపరేటింగ్ సిస్టంకూ నడుమ దుబాసీ వలె పనిచేసే సాఫ్ట్‌వేరు. తెరపై ఏమి చూపించాలో ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే ఆజ్ఞలను ఇది ఆ చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 7ను తిరిగి స్థాపించినప్పుడు సరైన గ్రాఫిక్స్ డ్రైవరును విడిగా వెదకి చేర్చవలసిన అవసరం తరచుగా ఏర్పడుతుంది.

నేపథ్యం

విండోస్ 7ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2009 అక్టోబరు 22న విడుదల చేసింది. దానికి పొడిగించిన మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. 2021లో ఎన్విడియా, ఏఎండీ సంస్థలు ఈ సిస్టం కొరకు సాధారణ డ్రైవర్ల క్రొత్త విడుదలలను నిలిపివేశాయి. అందుచేత విండోస్ 7కు కావలసినది సరిక్రొత్త డ్రైవరు కాదు. ఆ చిప్‌కు, ఆ సిస్టంకు చివరిసారిగా వెలువడిన సరైన డ్రైవరు.

డ్రైవరు లేనప్పటి లక్షణాలు

సరైన డ్రైవరు లేనప్పుడు విండోస్ తనలోని ప్రాథమిక డ్రైవరుతో తెరను నడుపుతుంది. డివైస్ మేనేజరులో చిప్ పేరుకు బదులు "స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్" అని కనిపిస్తుంది. అక్షరాలు, బొమ్మలు సాగినట్లుంటాయి, వీడియోలు తడబడతాయి, స్లీప్ సౌకర్యం పనిచేయదు, ప్రొజెక్టరుకు తెరను విస్తరించడం కుదరదు. ఇవన్నీ చూసి తెర చెడిపోయిందని, ల్యాప్‌టాప్ పనికిరాదని పొరబడే అవకాశం ఉంది.

చిప్‌ను గుర్తించడం

ల్యాప్‌టాప్ పేరు ఒకటే అయినా, అందులోని చిప్‌లు వేరువేరుగా ఉండవచ్చు. కాబట్టి మొదట చిప్ సంఖ్యను తెలుసుకోవాలి. డివైస్ మేనేజరులో "డిస్‌ప్లే అడాప్టర్స్" క్రింద ఉన్న పేరుపై కుడి క్లిక్ చేసి, "ప్రాపర్టీస్"లోని "డీటెయిల్స్" భాగంలో "హార్డ్‌వేర్ ఐడీస్" ఎంచుకోవాలి. అక్కడ కనిపించే తయారీదారు సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ అని అర్థం. ఏఎండీ 2006లో ఏటీఐ సంస్థను కొనుగోలు చేసింది; పాత ఏటీఐ చిప్‌లకు కూడా 1002 సంఖ్యే ఉంటుంది. దాని తరువాత వచ్చే పరికర సంఖ్య చిప్ నమూనాను తెలుపుతుంది.

డ్రైవరును వెదకడం

మొదట ల్యాప్‌టాప్ తయారీదారు సైటులో నమూనా సంఖ్యతో వెదకాలి. తెర వెలుగు నియంత్రణ వంటి అంశాలకు తగినట్లు తయారీదారులు డ్రైవరును మార్చి ఇవ్వడం వాడుక. అక్కడ దొరకనప్పుడు చిప్ తయారీదారు సైటును ఆశ్రయించవచ్చు. సిస్టం 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది ముందే చూసుకోవాలి. ఒకదాని డ్రైవరు మరొకదానికి పనికిరాదు. విస్టా డ్రైవర్లు విండోస్ 7లో చాలావరకు పనిచేస్తాయి. ఎక్స్‌పీ డ్రైవరు పనిచేసిన చోట కూడా ఏరో దృశ్యశైలి రాదు.

"అన్ని డ్రైవర్లను దానంతట అదే వెదకిపెడుతుంది" అని ప్రకటించుకునే అపరిచిత ప్రోగ్రాములు ప్రమాదకరం. వాటితో వైరస్‌లు ప్రవేశించవచ్చు. భద్రతా నవీకరణలు ఆగిపోయిన సిస్టంకు ఈ ముప్పు మరింత ఎక్కువ. కనుక వేరొక కంప్యూటరులో డ్రైవరును దింపుకొని, వైరస్ పరీక్ష చేసి, పెన్‌డ్రైవు ద్వారా తెచ్చుకోవడం మేలు.

స్థాపన విధానం

1. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి, రిస్టోర్ పాయింటును సృష్టించాలి.
2. సర్వీస్ ప్యాక్ 1 ఉన్నదో లేదో చూడాలి.
3. చిప్‌సెట్ డ్రైవరును ముందుగా, గ్రాఫిక్స్ డ్రైవరును తరువాత స్థాపించాలి. ఇంటెల్, ఎన్విడియా చిప్‌లు రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ డ్రైవరును మొదట స్థాపించడం మంచిది.
4. కంప్యూటరును తిరిగి ప్రారంభించి, డివైస్ మేనేజరులో చిప్ అసలు పేరు కనిపిస్తున్నదో లేదో సరిచూడాలి.

సమస్యలు, పరిష్కారాలు

స్థాపన ప్రోగ్రాము నిరాకరించినప్పుడు, డ్రైవరు సంచయంలోని ఐఎన్ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడులో తెరచి పరికర సంఖ్య కొరకు వెదకవచ్చు. ఆ సంఖ్య లేకపోతే ఆ డ్రైవరు ఆ చిప్‌కు ఉద్దేశించినది కాదు. "కోడ్ 52" దోషం డిజిటల్ సంతకం ధ్రువపడలేదని తెలుపుతుంది. ఎస్‌హెచ్ఏ-2 సంతకాలను గుర్తించేందుకు 2019లో విడుదలైన కేబీ4474419 నవీకరణ ఇటువంటి కొన్ని సందర్భాలలో ఉపకరిస్తుంది. స్థాపన తరువాత తెర నల్లబడితే, కంప్యూటరు ప్రారంభమయ్యేటప్పుడు ఎఫ్8 మీటను నొక్కి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవరును తొలగించవచ్చు.

పరిమితులు

అన్ని చిప్‌లకూ విండోస్ 7 డ్రైవరు ఉండదు. ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్ల నుండి విండోస్ 10 మొదలైన క్రొత్త సిస్టంలకే మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించింది. అటువంటి యంత్రాలలో లినక్స్ ఒక ప్రత్యామ్నాయం; ఇంటెల్, ఏఎండీ చిప్‌ల డ్రైవర్లు చాలావరకు దాని కెర్నెల్‌లోనే ఉంటాయి.

తయారీ సంస్థలు పాత ఫైళ్లను తమ సైట్ల నుండి ఎప్పుడైనా తొలగించవచ్చు. డ్రైవరు దొరకనంత మాత్రాన మంచి స్థితిలో ఉన్న ల్యాప్‌టాప్ మూలపడకుండా ఉండాలంటే, పనిచేసిన డ్రైవరు ఫైలును ల్యాప్‌టాప్ నమూనా పేరుతో వేరొక చోట భద్రపరచుకోవాలి.