జొన్నరొట్టె చరిత్రలో మేమెక్కడ?

మా అక్క కూతురు బెంగళూరులో ఇంట్లోనే నాన్ చేస్తుంది. మైదాలో పెరుగూ చిటికెడు సోడా కలిపి, పిసికి, రెండు గంటలు నానబెడుతుంది. ఒత్తిన నాన్‌కు ఒకవైపు నీళ్ళు రాసి పెనానికి అంటించి, పెనాన్ని మంట మీద తలకిందులుగా తిప్పుతుంది. తందూరు లేని లోటు అట్లా తీరుతుంది. పార్శీలో నాన్ అంటే రొట్టే. గోధుమపిండికి సాగే గుణం ఉంది కాబట్టి అది పెనానికి అతుక్కుని వేలాడుతుంది. జొన్నపిండితో అదే పని చేయబోతే ముద్ద పొయ్యిలో పడుతుంది. జొన్నకు ఆ జిగి లేదు. లేని జిగిని వేడినీళ్ళతో, అరచేతులతో తెప్పించిన మా అనంతపురం ఆడవాళ్ళ పనితనం గురించి చరిత్ర పుస్తకాల్లో ఏముందా అని చాలా ఏళ్ళుగా వెతుకుతున్నాను.

మాది ఉరవకొండ వైపు నల్లరేగడి పల్లె. మా జేజి ఎసరు తెర్లుతుండగా పిండిలో పోసి, కట్టెతో కలిపి, చేయి పట్టగలిగినంత వేడి ఉండగానే పిసికేది. ఆరిందంటే రొట్టె అంచులు పగుల్తాయి. "బలం చేతిలో లేదు పాపా, నీళ్ళ కాకలో ఉంది" అనేది. వేడికి పిండిలోని గంజి ఉడికి బంకలా పట్టుకుంటుందని ఆ తర్వాత ఎక్కడో చదివాను. ఆమెకు ఆ మాట అక్కర్లేదు, పని తెలుసు. ముద్దను పీట మీద పొడిపిండి చల్లి, తిప్పుతూ తట్టి, పెనం మీదికి ఒక్క విసురుతో చేర్చేది. పైన తడిబట్టతో తుడిచి, తిరగేసి, చివర్లో నిప్పుల మీద నిలబెడితే రొట్టె పొంగేది. పక్కన ఊరిబిండో, పుండికూరో. పది మంది ఉన్న ఇంట్లో పూటకు ఇరవై రొట్టెలు. ఆఖరి రొట్టె ఆమెది. ఆఖరిది ఉంటే.

జొన్న కూటికి మన సాహిత్యంలో చోటు లేదని కాదు. పల్నాటి జొన్నకూడు తినలేక విసుక్కున్న చాటువు ఒకటి శ్రీనాథుడి పేరు మీద నేటికీ చెలామణీలో ఉంది. తరగతి గదిలో అది వినగానే పిల్లలు నవ్వుతారు, నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే. సన్నబియ్యం అలవాటైన రాజాస్థాన కవికి జొన్న గొంతు దిగలేదు, సరే. అతిథికని దాన్ని దంచి, విసిరి, వండి పెట్టిన మనిషి ఎవరు? ఆ ప్రశ్న వేసిన వ్యాఖ్యాత నాకింతవరకూ కనబడలేదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఆంధ్రుల తిండీతీర్థాలను చరిత్రగా చూసిన గొప్ప పుస్తకం. అందులో కూడా వంట ఉంటుంది కానీ వండటం ఒక శ్రమగా కనిపించదు.

అధికారుల కాగితాల్లోకి జొన్న వచ్చింది కరువుతోనే. 1800లో నిజాం దత్తం చేసిన జిల్లాల్లో మాదీ ఒకటి. 1882లో అనంతపురం వేరు జిల్లా అయ్యేదాకా మేం బళ్ళారిలో భాగం. 1876-78 ధాత కరువు బళ్ళారిని తొక్కేసింది. ఆ కరువు పనుల్లో ప్రభుత్వ ఖర్చు తగ్గించమని వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో కూలి ఖరారు చేశాడు: రోజంతా చాకిరీ చేసిన మగవాడికి ఒక పౌను గింజలు, అంటే దాదాపు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకొంచెం తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ వైద్యుడు కార్నిష్ ఇది మనిషిని చంపే కొలత అని, కనీసం పౌనున్నర కావాలని పోట్లాడాడు. నా చేతి లెక్కలో ఒక పౌను పిండికి ఐదు రొట్టెలు, అదీ చిన్నవి. రాళ్ళు మోసే ఒక మనిషికి అదే రోజంతటి తిండి. ఆడదాని కడుపు చిన్నదని ఎవరు కొలిచారో కాగితాల్లో ఉండదు. పనిచోట రాయి మోసి వచ్చి, ఆ గింజల్ని ఇసుర్రాయిలో విసిరి, ఇంటిల్లిపాదికీ వండే రెండో పనికి కొలతే లేదు, తక్కువ కొలత కూడా లేదు.

మరి ఆ రొట్టె మా పళ్ళేల్లోంచి ఎప్పుడు పోయింది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల మాది, అదీ సరిగ్గా కురిస్తే. ఈ నేలకు తగ్గ జొన్న, కొర్ర, సజ్జల్ని చెనక్కాయ మెల్లగా తోసేసింది. 1986 నూనెగింజల మిషన్ ఆ ఊపుకు ఇంకొంచెం బలమిచ్చింది. 2000ల నాటికి జిల్లాలో దాదాపు 8 లక్షల హెక్టార్లు చెనక్కాయే. ఇంకోవైపు 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఒకటి చేన్లోంచి, ఇంకొకటి కుండలోంచి జొన్నను తీసేశాయి.

దీన్ని వట్టి నష్టంగా చెప్పే పర్యావరణవాద మిత్రులతో నేను పూర్తిగా ఏకీభవించలేను. రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడాది మా వీధి ఆడవాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. తెల్లవారుజామున ఇసుర్రాయి చప్పుడు ఆగిపోయింది. అన్నం పండగ తిండి నుంచి రోజూ తిండి అయింది. దళితవాడలో వరి అన్నం తినడం అంటే కడుపు నిండటం మాత్రమే కాదు, మర్యాద కూడా. ఎండలో పని చేసొచ్చి పొయ్యి ముందు ఇరవై రొట్టెలు తట్టేవాళ్ళను, ఆరోగ్యానికి మంచిది మళ్ళీ తట్టండి అనే హక్కు ఎవరికుంది?

అయినా పోయింది పోయిందే. జొన్న కోతకు ఆడవాళ్ళకు గింజలే కూలి. అవి ఒడిలో ఇంటికొచ్చి గాదెలో పడేవి, వాటి మీద అజమాయిషీ ఆమెది. విత్తనం దాచిందీ ఆమే. చెనక్కాయ డబ్బు మండీలో మగవాడి చేతికొచ్చింది, అట్నుంచి అప్పులవాడి దగ్గరికో సారాయి అంగడికో పోయింది. విత్తనాలూ కొనాల్సిందే. జొన్నతోపాటు చొప్పా పోయింది, చొప్పతో ఎద్దులూ పోయాయి. పస్తాపూర్ దళిత స్త్రీల సంఘాలు 1990లలో తమ ఊరి గింజలతోనే రేషన్ నడిపి చూపించాయి. బియ్యమా జొన్నా అన్నది కాదు వాళ్ళ వాదన, గింజ ఎవరి చేతిలో ఉందన్నది. మా దగ్గర చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాలను మళ్ళీ చేలల్లోకి తెచ్చే పని చేస్తోంది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. పోస్టర్లలో రొట్టె పళ్ళెంలో ఉంటుంది, తట్టే చేతులుండవు. అనంతపురం టౌనులో సాయంత్రమయితే వీధి మలుపుల్లో ఆడవాళ్ళు పొయ్యి పెట్టుకుని వేడివేడి జొన్నరొట్టెలు అమ్ముతారు. మొన్న ఒకామె దగ్గర నాలుగు కట్టించుకుంటూ, మీకు చేనుందా అమ్మా అని అడిగాను. ఆమె పెనం మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఉంది మేడం, మూడెకరాలు. చెనక్కాయ ఏసినాము. పిండి అంగట్లో తెస్తా."